ఆపి పెట్టిన రిక్షా

సోమమ్మ గుడ్డలు ఉడకబెడుతూ దొరికిపోయింది.

హాస్టల్లో చదువుకునే పిల్ల ఒకతె ఇచ్చిన పాత నూలు చీర అది. ఉతికి ఉతికి దూదిలా అయింది. దాన్ని ముక్కలు చేసి, సర్వలో వేసి, పైన మూత పెట్టి, అన్నం వండుతున్నదానిలా పొయ్యి ముందు కూర్చుంది. అత్త రాములవ్వ పక్కింటికి పోయింది గదా, ముచ్చట్లలో పడితే ఇప్పట్లో రాదనుకుంది. వచ్చింది. వచ్చి మూత తీసింది.

“ఇదేందే?”

“గుడ్డలు అత్తమ్మా.”

“గుడ్డలని నాకు గూడ కనవడుతున్నది. ఎవలికని అడుగుతున్న.”

సోమమ్మ పొయ్యిలోకి చూసింది.

“పుట్టని పిల్లకు పొత్తిగుడ్డలా? కడుపుల ఉన్నది ఇంటదన్న బుగులన్న లేదా నీకు? మళ్లా ఏడ్సాలెనా మేము?”

రాములవ్వ కొంగుతో సర్వ పట్టి, వాకిట్లోకి తీసుకుపోయి బండ మీద బోర్లించింది. గుడ్డలు పొగలు కక్కుతూ పడ్డాయి. కోడి ఒకటి దగ్గరికి వచ్చి చూసి వెనక్కి పోయింది.

ఆ ఇంట్లో పద్ధతి అది. కడుపుతో ఉన్న మనిషి కోసం ముందుగా ఏదీ సిద్ధం చేయకూడదు. ఊయల దింపకూడదు, గుడ్డ చింపకూడదు, మంత్రసానికి చెప్పి పెట్టకూడదు. దవాఖాన అనే మాట గడపలో పలకకూడదు. ఏర్పాటు చేశామంటే కనిపించనివాళ్లకు ఇంటి జాడ చెప్పినట్టేనని రాములవ్వ నమ్మకం. ఆమెది కోపం కాదు, భయం. కన్నవాళ్లలో బతికినవాళ్లకన్నా మట్టిలో పెట్టినవాళ్లే ఎక్కువ ఆమెకు. జనగామ దగ్గరి ఊరు విడిచి తార్నాకలో రెండు గదుల ఇంటికి వచ్చేటప్పుడు రోలు వదిలేసింది, రోకలి వదిలేసింది, ఆ భయాన్ని మాత్రం మూట కట్టుకొని తెచ్చుకుంది.

‘మళ్లా’ అన్న ఆ ఒక్క మాట సోమమ్మకు గుచ్చుకుంది. రెండేళ్ల కిందట ఒక వానపొద్దున ఆమెకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని పెళ్లికి పోయి ఊళ్లో లేదు. ఎటు పోయిందో, ఎప్పుడొస్తుందో ఎవరూ ముందు అడగలేదు, అడగకూడదు గనుక. రిక్షా కోసం ఉరికినవాళ్లు వానలో ఎక్కడ నిలబడ్డారో ఏమో. ఇంట్లో ఎండిన గుడ్డ లేదు. బ్లేడు కోసం భర్త గడ్డం గీసుకునే డబ్బా వెతికారు. బిడ్డ కాళ్లు ముందు వచ్చాయి, తల చాలాసేపు రాలేదు. వచ్చేటప్పటికి ఏడవలేదు. నుదుట రాసిలేదు అన్నారు అందరూ. సోమమ్మ కూడా అప్పుడు తల ఊపింది. తర్వాత పచ్చి ఒంటితో చాప మీద పడుకొని గోడను చూస్తూ ఆలోచించింది. మంత్రసాని పెళ్లికి పోతుందని నుదుట రాసి ఉంటుందా? వాడకట్టులో నలుగురికీ తెలిసిన సంగతే అది. అడిగి ఉంటే తెలిసేది. అడగకపోవడానికి నుదురు ఏం చేసింది?

భర్త గట్టయ్య చెడ్డవాడు కాదు. తాగి రాడు, చెయ్యెత్తడు. యూనివర్సిటీలో రసాయనాల ల్యాబులో అటెండరు. రేపు పిల్లలకు ప్రాక్టికల్ ఉందంటే ఇవాళ సాయంత్రమే బల్లల మీద గాజు గొట్టాలు కడిగి బోర్లించి, ఏ సీసా ఎటు పెట్టాలో పెట్టి, దీపాలకు స్పిరిట్ పోసి, చెయ్యి జారి ఏదన్నా పగిలితే ఉంటుందని ఒకటి ఎక్కువ కూడా పెట్టి వస్తాడు. ల్యాబుకు పెద్ద ఉమాపతి సారు. “గట్టయ్య ఉంటే రేపటి పని ఇవాళే అయిపోతుంది” అని ఆయన నలుగురిలో అంటాడట. ఆ మాటను గట్టయ్య ఇంటికి తెచ్చి, అన్నం తింటూ చెబుతాడు. “పని అంటే ముందుసూపు ఉండాలెనే. పొద్దున లేచి ఉరుకుడు కాదు” అంటాడు. ఆ అన్నానికి బియ్యం ముందురోజే చెరిగి పెట్టింది ఎవరో, నల్లా రాని పూటకు నీళ్లు నింపి పెట్టింది ఎవరో, కిరసనాయిలు అయిపోకముందే దుకాణంలో నిలబడి తెచ్చింది ఎవరో అతనికి తోచదు. తోచాల్సిన పని లేదు, ఎందుకంటే ఏదీ ఎన్నడూ అయిపోలేదు. పొద్దున లేవగానే పుల్లలు ఎండి ఉంటాయి, అగ్గిపెట్టె అందే చోట ఉంటుంది, అంగీకి గుండీ ఉంటుంది. ఆడదాని ముందుచూపు కంటికి ఆనదు. ఎప్పుడన్నా ఒకటి తప్పితేనే కనపడుతుంది, అప్పుడు దాని పేరు మతిలేనితనం. అదే ముందుచూపును తన కడుపు కోసం వాడుకోబోతే దాని పేరు అపశకునం.

సోమమ్మ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో రొట్టెలు చేస్తుంది. అక్కడ ఆమెతో పాటు పిండి కలిపే అమృతమ్మది లాలాగూడ. మొగుడు సామేలుది రైల్వే వర్క్‌షాపులో పని. అమృతమ్మ పెద్ద మనిషి, నోరు కొంచెం పెద్దది. నెల కిందట సోమమ్మ నడక చూసి, “నీ కడుపు నాకు నచ్చుత లేదు పిల్లా. నడువ్, మా గల్లీ పక్కనే దవాఖాన” అని సెలవు రోజు తీసుకుపోయింది. ఇంట్లో మాత్రం సోమమ్మ మౌలాలి దర్గాకు పోతున్నామని చెప్పింది. డాక్టరమ్మ చేత్తో కడుపంతా నొక్కి చూసింది.

“పోయినసారి కాళ్లు ముందు వచ్చాయా?”

“వచ్చినయమ్మా.”

“ఇప్పుడూ తల పైనే ఉంది. ఇక తిరిగేటట్టు లేదు. ఇంట్లో కనకూడదు నువ్వు. నొప్పులు వచ్చాక బయలుదేరడం కాదు, అర్థమైందా? నొప్పులు రాకముందే వచ్చి చేరు. ఆలస్యం అయితే బిడ్డ సంగతి ఒక్కటే కాదు, నీ సంగతీ చెప్పలేను.”

ఆ మాట సోమమ్మ రాత్రికి మొగునికి చెప్పింది.

“డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు. నువ్వేం పరేషాన్ గాకు. టైమొచ్చినప్పుడు సూద్దాం” అన్నాడు గట్టయ్య, మంచిగానే, భుజం మీద చెయ్యి వేసి.

రేపటి ప్రాక్టికల్ సంగతి టైమొచ్చినప్పుడు చూద్దామని ఉమాపతి సారుతో అంటాడా ఈ మనిషి? సోమమ్మ అడగలేదు. మనసులో అడిగి, మనసులోనే జవాబు విన్నది.

బండ మీద పడిన గుడ్డలను ఆమె మళ్లీ కడిగింది. ఇంట్లో ఉంచితే నిలవవని మెస్సుకు తీసుకుపోయి, అక్కడే ఉడకబెట్టి ఎండేసి, కొత్త బ్లేడు, దారపు ఉండ కలిపి మూట కట్టి, ఖాళీ పిండి డబ్బాలో పెట్టింది. ఇంటికన్నా అదే భద్రం అనుకుంది.

ఆ ఎండాకాలం ఏదీ భద్రంగా లేదు. ప్రత్యేక తెలంగాణ కావాలని క్యాంపస్ అంతా ఉడుకుతున్నది. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద రోజూ మీటింగులు. పరీక్షలు వాయిదా పడ్డాయి. ఇవాళ తార్నాక చౌరస్తాలో రాళ్లు, రేపు విద్యానగర్‌లో లాఠీలు. పట్నంలో కాల్పులు జరిగాయని, పోయినవాళ్లలో చదువుకునే పిల్లలున్నారని మాటలు. వేప చెట్ల కింద పోలీసు ట్రక్కులు ఎండకు ఆగి ఉంటే, వాటి పక్క నుంచి నడిచేటప్పుడు సోమమ్మకు కడుపులో బిడ్డ కదలడం మానేసినట్టు ఉండేది. ట్రక్కులు దాటాక ఆగి, చెయ్యి పెట్టి చూసుకొని, ఒక్క తన్ను తగిలాకనే ముందుకు నడిచేది.

ఒక సోమవారం పొద్దున పోయేసరికి హాస్టల్ గేటుకు తాళం. పిల్లలను ఇళ్లకు పంపేశారు. గేటు ముందు కానిస్టేబుల్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

“లోపట నా మూట ఉన్నది సారూ. మెస్సుల. ఒక్క నిమిషం పోనియ్యుండ్రి.”

“ఏమున్నయి మూటల?”

“పొత్తిగుడ్డలు.”

ఆయన ఆమె కడుపు వైపు చూసి నవ్వాడు. “ఇంక పుట్టనే లేదు గద. పుట్టినంక రా, ఇప్పిస్త.”

ఎండలో ఇంటికి నడుస్తూ సోమమ్మ తన తప్పు తానే తెలుసుకుంది. భయపడి దాచింది. దాచడం వల్ల ఆ ఏర్పాటు ఇంకెవరి తాళం కిందికో పోయింది. ఇక దాచి చేసేది లేదనుకుంది. ఆ సాయంత్రం మొగుడూ అత్తా ఇద్దరూ ఉన్నప్పుడే గడపలో నిలబడి చెప్పింది.

“బేస్తవారం నాడు నేను లాలాగూడకు పోత. అమృతమ్మక్క ఇంట్ల ఉండి, దవాఖానల చేరుత. నెల నిండుతున్నది. శుక్కురారం నుంచి బంద్ అంటున్నరు. బందుల నొప్పులొస్తే ఎవలు తీస్కపోతరు? బాలస్వామికి చెప్పిన. బేస్తవారం పగటీలి, అన్నం యాళ్లకు, రిక్షా మన కోసమే ఆపుతనన్నడు.”

రాములవ్వ చెవులు మూసుకుంది. గట్టయ్య “సరే తియ్యి. నీ ఇంతజాం నువ్వు చేసుకుంటివి గద” అన్నాడు. మరీ కోపంగా ఏమీ అనలేదు. కొంచెం నవ్వాడు కూడా. “నువ్వు గూడ అటెండర్ పని చెయ్యాలెనే.”

బాలస్వామి రిక్షాలవాళ్లలో మాట మీద నిలబడేవాడు. చౌరస్తాలో రిక్షాలే దొరకని రోజులవి. ఉన్నవాళ్లు రాళ్లకు భయపడి బండ్లు బయటికి తీయడం లేదు. సోమమ్మ అతన్ని వారం ముందే అడిగి ఉంచింది. “నీ కోసం ఎవ్వలనూ ఎక్కించుకోను చెల్లె” అన్నాడు.

బేస్తవారం పొద్దున గట్టయ్య తొందరగా లేచి పోయాడు. సోమమ్మ ఇల్లు సర్దింది. అత్తకు తాను లేని రోజులకు సరిపడా పప్పు ఏరి, కారం దంచి, పుల్లలు పొయ్యి పక్కన పేర్చింది. ఎవరూ అడగలేదు. అలవాటు కొద్దీ చేసింది. చీర మార్చుకొని, చేతిసంచి పట్టుకొని గడప పక్కన కూర్చుంది. పగలు వంగింది. రిక్షా రాలేదు. వీధిలో మనుషులు పలచబడ్డారు. దుకాణాల తలుపులు ఒక్కటొక్కటే పడుతున్నాయి. కాకులు కూడా అరవడం లేదని ఆమెకు అప్పుడు తోచింది.

మైకు కట్టిన జీపు ఒకటి వచ్చింది. శుక్రవారం బంద్ దాకా కూడా ఆగలేదు, ఇవాళ సాయంత్రం ఆరు గంటల నుంచే కర్ఫ్యూ. ఎవరూ బయటికి రాకూడదు. కనిపిస్తే కాల్చడానికి ఆర్డరు ఉంది. జీపు మూల తిరిగాక కూడా ఆ గొంతు వినిపిస్తూనే ఉంది.

సోమమ్మ లేచి వీధి చివర దాకా చూసింది.

“ఎందుకట్ల సూస్తవ్” అన్నది రాములవ్వ లోపలి నుంచి. “అది రాదు.”

“ఏది?”

“రిక్షా. మావోడు తీస్కపోయిండు పొద్దుగాలనే. ల్యాబుల సామాను సారు ఇంటికి జరుపాలెనట. పోరగాండ్లు పగులగొడ్తరని.”

“పొద్దుగాల నుంచి ఎరుకేనా నీకు?”

రాములవ్వ మొఖంలో గెలిచినట్టు ఏమీ లేదు. అలసిపోయినట్టు ఉంది. ఇంట్లోనే ఉంటే ఏ కన్నూ పడదు, ఏ గాలీ తగలదు అని ఆమె లెక్క.

సోమమ్మ సంచి భుజానికి వేసుకుంది. గడప దాటుతుంటే వెనక నుంచి అత్త గొంతు.

“యాడికి?”

బయటికి పోయే మనిషిని ఆ మాట అడగకూడదు. అడిగితే పని చెడుతుందని ఆ ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. రాములవ్వ తన జన్మలో ఎవరినీ అడిగి ఉండదు. ఇవాళ అడిగింది, ఆపడానికి. సోమమ్మ ఆగింది. లోపలికి వచ్చి కూర్చొని, నీళ్లు తాగి, మళ్లీ బయలుదేరడం పద్ధతి. ఆ పద్ధతికి ఇప్పుడు పొద్దు లేదు.

“దవాఖానకు” అన్నది, గడపలో నిలబడి, గట్టిగా.

రోడ్డు మీద ఎండ ఇంకా ఉంది. మనుషులు లేరు. కాలిన టైరు ఒకటి చౌరస్తాలో పొగలు పోతున్నది, చెప్పులు చెదిరి ఉన్నాయి, ఎవరివో. సోమమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని గోడల వారగా నడిచింది. బరువు కిందికి లాగుతున్నది. కాలు తీసి కాలు వేసేటప్పుడు ఆమె లోపలికి చెవి పెట్టి వింటున్నది, ఏదన్నా మొదలైందా అని. ఇంకా లేదు. ఇంకొంచెంసేపు ఆగు బిడ్డా అని బతిమాలుకుంది. నీ తండ్రికి మన కోసం ఆగే అలవాటు లేదు, నువ్వన్నా ఆగు.

ఉమాపతి సారు ఇల్లు లాలాగూడకు పోయే తోవలోనే. మలుపు దగ్గర రిక్షా ఎదురైంది. బాలస్వామి దిగి తోస్తున్నాడు. గట్టయ్య పక్కన నడుస్తూ రెండు చేతులతో పట్టుకొని ఉన్నాడు. సీటు మీద గాజు పెట్టెల్లో త్రాసులు. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఎండుగడ్డి, కింద బొంత. ఎక్కడా కదలకుండా, తగలకుండా. ఎంత ఒడుపుగా పేర్చాడో ఆమె కళ్లకు మొదట అదే ఆనింది.

బాలస్వామి తల దించుకున్నాడు. “నేను జెప్పిన చెల్లె, నీకు మాటిచ్చిన్నని. అన్ననే వచ్చి అడిగినంక...”

“నువ్వెందుకొచ్చినవే గీ ఎండల?” అన్నాడు గట్టయ్య. “తార్నాకంత తిరిగిన, ఒక్క రిక్షా లేదు. నువ్వు బాలస్వామిని ఆపి పెట్టినవని యాదికొచ్చింది. మంచిదాయె. లేకుంటే ఇయ్యాల సారు ముంగట ఇజ్జత్ పోవు.”

అతని మొఖం చెమటతో మెరుస్తున్నది. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. మర్చిపోయి తీసుకుపోలేదు. గుర్తుంచుకొని తీసుకుపోయాడు. ఆమె ముందుచూపు అతనికి ఇన్నాళ్లకు కనిపించింది, సారు త్రాసులకు పనికొచ్చాక. సోమమ్మకు ఏడుపు రాలేదు. ఒకటి మాత్రం తెలిసిపోయింది. ఈ మనిషి నన్ను చంపాలని ఎన్నడూ అనుకోడు, కానీ ఏదో ఒక రోజు పని తొందరలో, మంచి మనసుతోనే, నన్ను పోగొట్టుకుంటాడు. పోగొట్టుకొని ఏడుస్తాడు కూడా. నుదుట రాసిలేదంటాడు.

“ఇవి దింపి వస్త. ఒక్క గడియ. గా అరుగు మీద కూసో. నిన్ను నేనే ఎక్కించుకొని తీస్కపోత.”

“కర్ఫ్యూ ఇయ్యాల్నే అంటున్నరు. ఇవి గీడ దింపి నన్ను ఎక్కియ్యి.”

గట్టయ్య గాజు పెట్టెల వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. “రోడ్డు మీదనా? పగుల్తయే! సారు నన్ను నమ్మి ఇచ్చిండు. గడియ సేపు కూసుంటే ఏమైతది నీకు?”

సోమమ్మ అరుగు వైపు చూసింది. ఎప్పుడూ అట్లాంటి చోటనే కూర్చుంది తాను. ఎవరో ఏదో ముగించుకొని వచ్చేదాకా.

“నువ్వు ఎల్లు” అన్నది. తానూ వెళ్లింది, లాలాగూడ వైపు.

వెనక అతను పిలిచాడు, తర్వాత త్రాసులు కదులుతాయని పిలవడం మాని వాటిని పట్టుకున్నాడు.

రైలు బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి ఆరు కావస్తున్నది. పోలీసులు రోడ్డుకు అడ్డంగా తాడు కడుతున్నారు. ఒక కొస కట్టారు, రెండో కొస పట్టుకొని జవాను ఒకడు స్తంభం వైపు నడుస్తున్నాడు. ఆమెను చూసి ఆగాడు. కడుపు చూశాడు.

“జావ్, జావ్. జల్దీ.”

సోమమ్మ తాడు దాటింది. జవాను రెండో కొస స్తంభానికి చుట్టి ముడి వేశాడు. ట్రక్కు ఒకటి వచ్చి తాడు వెనక అడ్డంగా నిలిచింది. దాని మీది నుంచి తుపాకులవాళ్లు దిగారు. లాలాగూడ వైపు గల్లీ మొగదల అమృతమ్మ నిలబడి ఉంది, చేతులు ఊపుతూ, ఆమె వెనక సామేలు.

“సోమీ!”

గట్టయ్య గొంతు. ఆమె తిరిగి చూసింది. ఖాళీ రిక్షా. అన్నట్టే వచ్చాడు, మాట తప్పలేదు. తాడు అవతల బాలస్వామి హ్యాండిల్ పట్టుకొని నిలబడ్డాడు. గట్టయ్య తాడు మీద చెయ్యి వేశాడు. తుపాకీ ఒకటి పైకి లేచింది. చెయ్యి తీశాడు.

“వచ్చిన గదనే! జరసేపు ఆగితే గాదా? ఎక్కి పోదువు గద మంచిగ!”

రిక్షా అవతల ఉంది. దవాఖాన ఇవతల ఉంది. మధ్యలో తాడు. అది అతనికి ఇంకా అర్థం కాలేదు. ఆమె అతని మొఖంలోకి చూసింది, కోపంగా కాదు, దూరంలో ఉన్నదాన్ని ఆనవాలు పట్టేటట్టు.

“నొప్పులన్న రాలేదు గద నీకు!” అని అరిచాడు గట్టయ్య.

“రాలేదు” అన్నది సోమమ్మ. “అందుకే నడువగలిగిన.”